దూది ఇంట్లో గుమాస్తా పరీక్ష

మా అన్న మనవరాలు రెహానా పోయిన నెలలో కొన్నాళ్లు నా దగ్గర ఉంది. నెల్లూరులో హాస్టల్లో ఉండి గ్రూపు పరీక్షలకు చదువుతోంది. అక్కడ నీళ్లకు ఇబ్బందిగా ఉందని పుస్తకాలు రెండు సంచుల్లో కుక్కుకుని మా ఇంటికి వచ్చేసింది. పిల్ల మంచిదే, కానీ ఒక్కచోట నిలవదు. పుస్తకం పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మేడ మీదికి తిరుగుతూనే చదువుతుంది. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని నిలబడే తింటుంది. పరీక్ష మళ్లీ వాయిదా పడిందట. కొత్త తేదీ ఎప్పుడు చెబుతారో అని మాటిమాటికీ ఫోను తీసి చూస్తుంది. ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఎదురుగా గోడకు ఆనుకుని, “మీ కాలంలో సులువు గదా అవ్వా, ఎస్సెస్సెల్సీ పాసైతే పిలిచి మరీ ఉద్యోగాలు ఇచ్చినారంట,” అంది. నాకు కోపం రాలేదు గానీ, ఆ మాట పళ్ల సందులో ఇరుక్కున్న పీచులాగా ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఆమెను పట్టి కూర్చోబెట్టి వాళ్ల తాత సంగతి మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఫోను మోగింది, లేచి వెళ్లిపోయింది. ఆ తాత, అంటే మా అన్న, పోయి ఏడాది దాటింది. ఆయన బతికుంటే ఈ సంగతి నన్ను చెప్పనిచ్చేవాడు కాదు. ఆ పిల్ల వినని మిగతా సగంతో సహా ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఇల్లు కోవూరులో, బజారు వెనక సందులో ఉండేది. నాయన పేరు ఖాసిం. దూది ఏకడం, పరుపులు, దిండ్లు కుట్టడం మా ఇంటి పని. నమాజు చేసే ఇల్లే అయినా మాట మాత్రం తెలుగే. నా పేరు హుసేనమ్మ, అన్న పేరు మస్తాన్. ముందు వసారాలో దూలానికి ఏకుడు విల్లు వేలాడుతూ ఉండేది. నాయన దాని నారిని కొయ్య గుండుతో కొడితే ఇల్లంతా మోగేది, ఆ అదురుకు ముద్దకట్టిన దూది విడిపోయి పాలనురగలాగా పైకి లేచేది. తెల్లవారిందంటే మాకు ఆ మోతే. అమ్మ అన్నం గిన్నె మీద తడిగుడ్డ కప్పేది, నీళ్లకుండ మీద తడిగుడ్డ కప్పేది. అయినా చారులో ఒక పోగు తేలలేదంటే ఆ రోజు నాయన పనిలోకి దిగలేదని అర్థం. కొత్త దూదికి పెద్దగా వాసన ఉండదు. వాసనంతా జనం తిరిగి ఏకమని తెచ్చి ఇచ్చే పాత పరుపులదే. కుట్లు విప్పగానే ఆ ఇంటి సంగతంతా బయటికి వచ్చేది: తలనూనె, పసిపిల్లల ఉచ్చ, అమృతాంజనం, ఎవరో చాన్నాళ్లు మంచాన పడి ఉన్న ఇంటి చెమట. నాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏమీ మాట్లాడకుండా విప్పేవాడు. ఎవరింటి పరుపులో ఏముందో పొరుగింట్లో చెప్పకూడదన్నది ఆయన నియమం. పని ముగిశాక బావి దగ్గర కూర్చుని కనుబొమ్మల్లో, చెవుల్లో చిక్కుకున్న దూదిని వేళ్లతో దువ్వుకుంటూ, మా ఇద్దరిలో ఎవరు కనిపిస్తే వాళ్లతో, “మీరన్నా ముక్కులోకి దూది పోని ఉద్యోగం చేసుకోండి,” అనేవాడు. ఆయనకు తెలిసిన ఆకాంక్ష అంతే. దానికి ఏ పరీక్ష రాయాలో, ఏ కాగితం కావాలో ఆయనకు తెలియదు.

అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. మా సందులో ఎస్సెస్సెల్సీ గట్టెక్కిన మొదటి మగపిల్లవాడు. పొద్దున నాయనతో పాటు విల్లు కొట్టేవాడు, మధ్యాహ్నం పరీక్ష పుస్తకాలు ముందరేసుకునేవాడు. అది కూడా చాలక, విల్లు కొట్టేటప్పుడు నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి పుస్తకం చదివించుకునేవాడు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మోతకూ మోతకూ మధ్య ఖాళీలో నేను ప్రశ్న అడగాలి, తర్వాతి ఖాళీలో అన్న జవాబు చెప్పాలి. ఏ రాష్ట్రానికి ఏ రాజధాని, ఏ నది ఎక్కడ పుట్టింది, వడ్డీ లెక్కలు, ఇంగ్లీషులో ఒక మాటకు ఎదురు మాట, అన్నీ అలాగే జరిగేవి. అన్నకు వచ్చినవన్నీ నాకూ వచ్చేశాయన్న సంగతి అప్పట్లో ఎవరూ గమనించలేదు, నేను కూడా. అన్న చేతికి పని బాగా వచ్చు. దూది పరవడంలో నాయనను మించేవాడు. ఒక్క గుడ్డ దగ్గరే తేడా. ఎర్ర దిండు గలేబుకు ఆకుపచ్చ అంచు వేసి కుట్టేవాడు, లేకపోతే పెళ్లివారి దిండ్లలో ఒకటి ఒక రంగు, ఇంకొకటి ఇంకో రంగు చేసి పెట్టేవాడు. నాయన ఆ కుట్లన్నీ ఊడదీస్తూ, “కండ్లు యాడ పెట్టుకున్నావురా గుడ్డోడా,” అని తిట్టేవాడు. మనసు పుస్తకాల్లో ఉండి చేతులు ఇక్కడ పనిచేస్తే ఇంతేనని అమ్మ వెనకేసుకొచ్చేది. అన్న మాత్రం ఆ రెండు గుడ్డలనూ వెలుతురుకు పట్టి చూసి, పక్కన పెట్టి, మళ్లీ కుట్టేవాడు.

అన్న మనసు పడ్డది రైల్వే మీద. దానికి కారణం బిట్రగుంట. మా మేనమామ అక్కడ ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. ఏ సెలవు వచ్చినా అన్న నన్ను వెంటబెట్టుకుని ప్యాసింజరు ఎక్కి అక్కడికి పోయేవాడు. కాలనీలో వరసగా ఒకే తీరు ఇళ్లు, ప్రతి ఇంటి గోడకూ బొగ్గు మసి, ఏ వేళప్పుడు కూత వేస్తే ఏ బండో వంట చేస్తూనే చెప్పగలిగే ఆడవాళ్లు. మామయ్య కూతురు హజరాను అన్నకు ఇవ్వాలని రెండిళ్లలోనూ అనుకున్నదే. కానీ మామయ్యది ఒకటే పట్టు, అల్లుడు రైల్వే మనిషై ఉండాలి. అందుకని అన్న అసిస్టెంటు స్టేషను మాస్టర్ల పరీక్షకు కట్టాడు. మొదటిసారి పోయింది. రెండోసారి రాతపరీక్ష పాసయ్యాడు. ఆ కబురు వచ్చిన రోజు నాయన విల్లు దించి మూలన పెట్టి, మధ్యాహ్నం దాకా ఊరంతా తిరిగి చెప్పి వచ్చాడు. ఇంక మిగిలింది ఒంటి పరీక్ష ఒక్కటే. అన్న గుర్రప్పిల్లలాగా ఉండేవాడు, ఒంటికేం భయం? అమ్మ అప్పుడే హజరాను కోడలనే పిలవడం మొదలుపెట్టింది. అన్న బెజవాడ రైల్వే ఆసుపత్రికి బయలుదేరి వెళ్లాడు.

తిరిగి వచ్చిన అన్న చెప్పులు విప్పలేదు. వసారాలో గుడ్డపేలికల బుట్ట ఉండేది. తిన్నగా దాని దగ్గరికి పోయి, చేతికి వచ్చిన పేలికలు తీసి నేల మీద పరిచి నన్ను పిలిచాడు. “ఇందులో ఎర్రవి ఒక పక్కకు పెట్టు, ఆకుపచ్చవి ఒక పక్కకు పెట్టు,” అన్నాడు. నేను పెట్టాను. రెండు కుప్పలనూ వంగి చూశాడు, ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు. తర్వాత తలెత్తి, “రెండూ ఒకటేగదమ్మే,” అన్నాడు. నాకు నవ్వులాట అనిపించింది. ఆయన ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. డాక్టరు ఒక పుస్తకం తెరిచి, చుక్కల్లో అంకె ఏముందో చదవమన్నాడట. కొన్ని పేజీల్లో అంకె కనిపించింది, కొన్నింటిలో చుక్కలు తప్ప ఏమీ లేవు. ఏమీ లేదు గదండీ అంటే, ఉందని డాక్టరు చెప్పాడట. తర్వాత చీకటి గదిలో నిలబెట్టి దూరంగా దీపాలు చూపించి రంగులు చెప్పమన్నాడట. అన్న చెప్పిన వాటిలో సగం తప్పు. ఎర్రదీపానికీ పచ్చదీపానికీ తేడా తెలియని మనిషి చేతిలో బండిని పెట్టరు, మళ్లీ రాసినా పెట్టరు. ఆ కన్నుకు మందు లేదు, అద్దాలు లేవు. ఇవన్నీ అన్న నాయనకు, అమ్మకు నిదానంగా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. పుట్టినప్పటి నుంచీ తన కంటికి ప్రపంచం అలాగే ఉంది గనక, అందరికీ అంతేననుకున్నాడట. గుడ్డలు తప్పుతున్నప్పుడు తన పరాకేననుకున్నాడట.

నాయన ఆ పూట అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు. అమ్మ తినమని అడిగితే కంచంలోకి చూస్తూ, “ఇన్నేండ్లు వాణ్ణి గుడ్డోడా, గుడ్డోడా అని తిట్టినాను. వాడికి నిజంగానే కనపడలేదంట,” అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ తర్వాత నాయన అన్నను ఏ మాటా అనలేదు. మెచ్చుకోవడానికి కూడా నోరు రాలేదు. అన్న కుట్టే ముందు గుడ్డలన్నీ తానే జత చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉంచేవాడు. అలా జత చేసి పెట్టిన గుడ్డలను చూసినప్పుడల్లా అన్న ముఖం నల్లబడేది. తిట్టే రోజులే నయమనిపించేది మాకందరికీ.

బిట్రగుంట నుంచి మామయ్య మొదట రావడం మానేశాడు, తర్వాత కబురు పంపడం మానేశాడు. కొన్ని నెలలకు హజరాకు గూడూరు సంబంధం కుదిరిందని మూడోవాళ్ల నోట విన్నాం. పెళ్లికి నాయన ఒక్కడే వెళ్లి వచ్చాడు. అన్నకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దున పని కాగానే పెన్నకు పోయేవాడు. వేసవిలో ఏరు ఎండి ఇసుక తెల్లగా మెరుస్తూ ఉండేది, దూరాన ఎక్కడో సన్నగా నీళ్లు. ఆ ఇసుకలో రైలు వంతెన కింద నుంచి రోడ్డు వంతెన దాకా, మళ్లీ వెనక్కి, ఎండ కూడా చూడకుండా తిరిగేవాడు. అమ్మ నన్ను పిలుచుకురమ్మని పంపేది. నేను పోతే పక్కన నడవనిచ్చేవాడు. ఒకసారి వంతెన మీద బండి పోతుంటే ఆగి, అది కనుమరుగయ్యేదాకా చూసి, “అందులో ఉండే గార్డుకు పచ్చ కనిపిస్తాది, ఎరుపు కనిపిస్తాది. ఇంకేమన్నా కనిపిస్తాదా నాకంటే ఎక్కువ?” అని అడిగాడు. ఆయన కాలు కాలిన పిల్లిలా తిరగడం చూసి చూసి ఇంట్లో మాకందరికీ అదే అంటుకుంది. అమ్మ పెట్టిన చోట వస్తువు పెట్టేది కాదు. నాయన విల్లు కొడుతూ కొడుతూ ఆపేసి వీధిలోకి చూసేవాడు. నేను పుస్తకం తెరిస్తే మూసేదాన్ని, మూస్తే తెరిచేదాన్ని. నా ఎస్సెస్సెల్సీ ఆ ఏడాదే అయింది. మంచి మార్కులే వచ్చాయి. ఆ గొడవలో అది ఎవరికీ పండగ కాలేదు.

ఒకరోజు అన్న నెల్లూరు నుంచి రెండు దరఖాస్తులు పట్టుకొచ్చాడు. సర్వీసు కమిషను వాళ్ల గుమాస్తా పరీక్ష. దానికి రంగులతో పనిలేదని ముందే కనుక్కుని వచ్చాడు. ఒకటి తన ముందర పెట్టుకుని, రెండోది నా ఒళ్లో పడేశాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆడపిల్ల మగవాళ్ల మధ్య ఆఫీసులో కూర్చుంటే రేపు ఎవరు చేసుకుంటారని ఆమె బాధ. నాయన విల్లు పట్టుకుని నిలబడ్డాడు. అన్న అమ్మతోనే మాట్లాడాడు.

“నేనొక్కడినే రాస్తే, పరీక్ష పోయినప్పుడు ఇంటికి ఒక్కడినే రావాల. నా వల్ల కాదు మా. ఇది కూడా రాయనీ. దీనికి నాకంటే బాగా వచ్చు.”

“నీకు ఎట్ల తెలుసు?” అంది అమ్మ.

“ఇన్నాళ్లూ నన్ను ప్రశ్నలడిగింది ఎవరు?”

అప్పుడే ఇంట్లో అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపుకు నాకు సిగ్గూ భయమూ కలిసి వచ్చాయి. ఆ రాత్రి నుంచి మా ఇద్దరి చదువూ ఎదురెదురు అయింది. అదివరకు నేను అడిగేదాన్ని, అన్న చెప్పేవాడు. ఇప్పుడు ఒకరినొకరు అడగాలి. నేను తప్పు చెబితే అన్న గుండుతో నారిని గట్టిగా కొట్టేవాడు. తాను తప్పు చెబితే మోత ఆపేసేవాడు.

టైపు వస్తే మంచిదని ఎవరో చెప్పారు. అన్న వేళ్లు నారితో, సూదితో కాయలు కాసి ఉన్నాయి. ఆయన మీటలు నొక్కితే రెండేసి అక్షరాలు కలిసి లేచేవి. అందుకని నన్ను చేర్పించాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో మేడ మీద ఒక టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. మాస్టారు పేరు రాఘవయ్య, బక్కపలచని మనిషి. మిషన్ల మధ్య తిరుగుతూ స్కేలుతో బల్ల మీద తాళం వేసేవాడు. మీటల మీద అక్షరాలు కనపడకుండా రేకు మూతలు పెట్టేవాడు. కళ్లు కాగితం మీద ఉండాలి, వేళ్లు వాటి దారిన అవి పోవాలి. నేను కోవూరు నుంచి బస్సులో వంతెన దాటి వెళ్లేదాన్ని. నాయన తోడు వచ్చి మేడ మెట్ల కింద నిలబడేవాడు. గంట కాగానే మళ్లీ బస్సు ఎక్కించేవాడు. పైన పది మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే ఆయనకు ముచ్చటేసేదట. మన విల్లు మోతకన్నా ఇదేమంత తక్కువ గాదు అన్నాడొకసారి. నాకు ఆ మోత హాయిగా ఏమీ ఉండేది కాదు. వరస తప్పుతుందేమో, గంట అయిపోతుందేమో, బస్సు పోతుందేమో అని ఎప్పుడూ గుబులే. అక్కడ నేర్చుకునే వాళ్లందరికీ అంతే. ఎవరి నోట విన్నా పరీక్ష, వయసు దాటిపోవడం, ఎక్కడో ఖాళీలు పడ్డాయట అన్న మాటలే. కొందరు ఏళ్ల తరబడి ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు.

పరీక్ష నెల్లూరులో ఒక స్కూల్లో పెట్టారు. ఆడవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్నాం, మమ్మల్ని కిటికీ వరసలో కూర్చోబెట్టారు. అన్న వేరే గదిలో పడ్డాడు. పొద్దుటి పేపరు బాగానే పోయింది. మధ్యాహ్నం ఇంగ్లీషు. సగం రాశానో లేదో, కిటికీలోంచి చూస్తే అన్న బయట ఉన్నాడు. స్కూలు ఆవరణలో వేపచెట్ల కింద ఇటు నుంచి అటు నడుస్తున్నాడు. గంట కొట్టకముందే కాగితాలు ఇచ్చేసి వచ్చేశాడు. నాకు కలం ఆగిపోయింది. అన్నకే రానిది నాకేం వస్తుంది, లేచిపోదామా అనిపించింది. అంతలో ఆయన నన్ను చూశాడు. నడక ఆపి, ఎడమ అరచేతిని పలకలాగా పట్టుకుని దాని మీద కుడిచేతి వేలితో రాసినట్టు చూపించాడు. నేను తల దించి మళ్లీ మొదలుపెట్టాను. ఇంకోసారి తలెత్తేసరికి అక్కడ లేడు. నా చూపు చెదరకూడదని గోడ అవతలికి పోయి నిలబడ్డాడట. ఎందుకు ముందే వచ్చేశావని బస్సులో అడిగాను. కూర్చుంటే మళ్లీ ఆ డాక్టరు చీకటి గదిలో ఉన్నట్టు ఉందన్నాడు.

ఫలితాలకు చాలాకాలం పట్టింది. అన్నకు అది ఒక పనైంది. రోజూ సైకిలు మీద వంతెన దాటి నెల్లూరు లైబ్రరీకి పోయి పేపర్లన్నీ తిరగేసి వచ్చేవాడు. ఆయన సైకిలు చప్పుడు సందులో వినపడితే అమ్మ చేతిలో పని ఆగేది. ముఖం చూసి, ఇంకా రాలేదని తెలుసుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఒకరోజు ఆ చప్పుడు మామూలుకంటే ముందే వినపడింది. అన్న లోపలికి వచ్చి, నాయన చేతిలోంచి గుండు తీసుకుని, నిలబడిన పళంగా ఒక తట్టెడు దూది ఏకాడు. మేమంతా చూస్తూ ఉన్నాం. నారి ఇంకా అదురుతుండగానే, “హుసేనమ్మ నంబరు ఉండాది,” అన్నాడు.

నాయన, “నీది?” అని అడిగాడు.

“చూళ్లేదు.”

అది అబద్ధమని అందరికీ తెలుసు. అమ్మ నా తల నిమిరి, అదే చేత్తో అన్న తల నిమిరింది. నాకు సంతోషించాలో వద్దో తెలియలేదు. బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

అప్పుడు కాగితాల వేట మొదలైంది. మార్కుల కాగితాల నకళ్లు, నడవడిక బాగుందని ధ్రువపత్రం, ఒంటి పరీక్ష. మొదటి రెండింటి మీదా గెజిటెడ్ అధికారి పచ్చసిరాతో సంతకం చేయాలి. మాకు అధికారులెవరు తెలుసు? తెలిసిందల్లా పశువుల ఆసుపత్రి డాక్టరు. అన్న నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. ఒక గేదెకు మందు పట్టించే పనిలో ఉన్నాడాయన. చేతులు కడుక్కుని వచ్చి నా వైపు చూసి, ఈ అమ్మాయి నడవడిక నాకెట్ల తెలుస్తాదయ్యా అన్నాడు. అన్న, మేము ఖాసిం పిల్లలమన్నాడు. ఆయన వెంటనే కలం తీశాడు. నాయన కుట్టిన పరుపు మీద తను ఆరేళ్లుగా పడుకుంటున్నానని, ఎక్కడా ఒక ఉండ కూడా కట్టలేదని, అంత నికరంగా పనిచేసే మనిషి కూతురికి వేరే సాక్ష్యం ఎందుకని అంటూ అన్నింటి మీదా సంతకాలు పెట్టాడు.

బయటికి వచ్చాక అన్న చెట్టు నీడ దాటి ఎండలోకి పోయి కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు.

“ఇది పచ్చసిరానేనా? సరిగ్గా చూడు. వాళ్లు ముందు దాన్నే చూస్తారు.”

“పచ్చే అన్నా.”

“నాకు మన్ను రంగులో ఉండాది,” అన్నాడు.

తన కంటికి ఏ రంగు ఎలా ఉంటుందో అన్న ఎవరికైనా చెప్పడం నేను వినడం అదే మొదలు. తర్వాత దారిపొడుగునా నేను అడగకుండానే చెప్పాడు, చిలుక ఎలా కనిపిస్తుందో, పండుమిరపకాయ ఎలా కనిపిస్తుందో, నా తలలో రిబ్బను ఎలా ఉందో. కాగితాలు నా చేతికి ఇచ్చి, ఖాళీ చేతులు ఊపుకుంటూ నడిచాడు. ఒంటి పరీక్షకు మాత్రం నేను భయపడ్డాను. ఒకే కడుపున పుట్టినవాళ్లం, ఆ కన్ను నాకూ ఉందేమోనని దిగులు. ముందు రోజు గుడ్డపేలికల బుట్ట బోర్లించి మళ్లీ మళ్లీ జత చేసుకున్నాను. ఆసుపత్రిలో గోడ మీది అక్షరాలు చదివించి పంపేశారు. రంగులు ఎవరూ అడగలేదు.

ఆర్డరు సూళ్లూరుపేట తాలూకా ఆఫీసుకు వచ్చింది. కోవూరు నుంచి రైల్లో సగం రోజు దారి. అరవం కలిసిన మాట, తెలిసిన మనిషి లేడు. ఒంటరి ఆడపిల్లకు గది ఇచ్చేవాళ్లు లేరు. అమ్మ అన్నం మానేసింది. వద్దంటే నా ఉద్యోగం పోతుంది, సరేనంటే నేను పోతాను. ఆమె రెండు మాటలూ ఒకేసారి అంటూ ఇంట్లో తిరిగేది. చేరాల్సిన గడువు దగ్గర పడుతోంది. అప్పుడు అన్న తనకని చిన్న విల్లు ఒకటి కట్టించుకున్నాడు. సూళ్లూరుపేటలో మాత్రం జనం పరుపుల మీద పడుకోరా అన్నాడు నాయనతో. నాయన, గుడ్డలు జతచేసి పెట్టేది ఎవరని అడిగాడు. ఇది ఉంది గదా అని అన్న నన్ను చూపించాడు. తాను ఎరగని ఊరికి, చెల్లెలి ఉద్యోగం వెంట, ఓడిపోయిన మనిషిలాగా కాకుండా దుకాణం పెట్టుకోబోయే మనిషిలాగా బయలుదేరడానికి అన్న ఎంత కూడదీసుకుని ఉంటాడో నాకు ఇన్నేళ్ల తర్వాత తెలుస్తోంది. అప్పుడు నాకు నా భయమే సరిపోయింది.

రెహానా అన్నది పూర్తిగా తప్పని కూడా చెప్పలేను. ఇప్పుడు లక్షల మంది రాస్తున్నారు. అప్పుడు ఒక్క జిల్లాలో చదువుకున్న వాళ్లెందరు, అందులో ఆడపిల్లలెందరు? పచ్చసిరా కోసం గేదెల మధ్య నిలబడక్కర్లేదు, ఈ పిల్ల తన కాగితాల మీద తనే సంతకం పెట్టుకుంటుంది. మేడ మీది గదిలోనుంచే దరఖాస్తు పంపేస్తుంది. తోడు ఎవరు వస్తారని ఎవరూ అడగరు. కానీ తేదీ చెప్పి మార్చడం, మార్చి మళ్లీ కోర్టుకు పోవడం, ఆ మధ్యలో వయసు కరిగిపోవడం మాకు లేవు. మాకు తలుపులు తక్కువ, మూసుకుంటే మూసుకున్నట్టు తెలిసేది. వీళ్లకు తలుపు తెరిచే ఉందని చెబుతారు, లోపలికి పోనివ్వరు. ఏది నయమో తేల్చడానికి నాకు చేతకాదు. నేను డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యాను. అన్న సూళ్లూరుపేటలోనే స్థిరపడి, ఆ ఊరి పిల్లనే చేసుకుని, కొడుకును చదివించుకున్నాడు. ఆ కొడుకు కూతురే రెహానా. పరీక్షల గురించి అన్న తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడని మాటలన్నీ ఆయన కాళ్లలోకి దిగిపోయాయేమో, చివరిదాకా ఒకచోట నిలకడగా ఉండలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు చెప్పి ముగిస్తాను. ఆఫీసు గేటు దాకా అన్న వచ్చాడు. లోపలికి రానన్నాడు. ఆ ఆఫీసులో అంతవరకు ఆడమనిషి పనిచేయలేదు. హెడ్ గుమాస్తా నా ఆర్డరు రెండుసార్లు చదివి, నన్ను ఎక్కడ పెట్టాలో తోచక వరండాలో నిలబెట్టాడు. లోపల బల్లలు జరిపిన చప్పుడు, మళ్లీ జరిపిన చప్పుడు. జనం వస్తూ పోతూ నన్ను చూస్తున్నారు. మధ్యాహ్నం కావస్తుండగా ప్యూను రికార్డు గదిలోంచి దుమ్ము పట్టిన కుర్చీ ఒకటి మోసుకొచ్చి, తుడిచి, కిటికీ పక్కన విడిగా వేశాడు. కూర్చుంటే అది ఒక పక్కకు ఒరిగేది. చేతుల కుర్చీ అక్కడ తాసిల్దారు ఒక్కడికే ఉండేది. నాకు రెండు కట్టలు ఇచ్చి నకళ్లు రాయమన్నారు. తలెత్తకుండా రాశాను.

సాయంత్రం బయటికి వస్తే అన్న గేటు దగ్గరే ఉన్నాడు. దుకాణానికి స్థలం వెతుక్కుంటానని చెప్పిన మనిషి పొద్దుటి నుంచీ అక్కడే తిరుగుతున్నాడని ఎదుటి టీ కొట్టతను చెప్పాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది. పని ఎలా ఉందని అడగలేదు, ఆఫీసరు మంచివాడా అని అడగలేదు.

“నీకు కుర్చీ ఇచ్చినారా?” అన్నాడు.

“ఇచ్చినారన్నా.”

“చేతులుండాయా దానికి?”

“లేవు.”

అన్న ఆఫీసు వైపు ఒకసారి చూశాడు. లోపల దీపాలు ఆర్పుతున్నారు.

“వస్తాయిలే,” అన్నాడు.